రెండుసార్లు చెప్పే మనిషి

ఆగస్టు 4, సోమవారం

గొంతు డాక్టరుగారు నన్ను నోరు మూసుకోమన్నారు. ఆ మాట ఇంత మర్యాదగా ఇంతవరకూ ఎవరూ అనలేదు. గొంతులో ఉండే తీగల మీద చిన్న చిన్న కాయలు లేచాయట. "కోత అక్కర్లేదమ్మా. నెలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకండి, అవే కరుగుతాయి. గుసగుసలు కూడా వద్దు. మంచి గాలిలో నడవండి," అన్నారు. "నెలా!" అన్నాను. "అదిగో, అదే వద్దంటున్నాను," అన్నారు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ బస్టాండు మైకు ముందు కూర్చున్నదాన్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందో, ఎవరి పిల్లాడు తప్పిపోయాడో, ఎవరి సంచి ఎక్కడ దొరికిందో ఊరంతా నా నోటి నుంచే వింటుంది. ఏదైనా రెండుసార్లు చెప్పాలన్నది మా పనిలో నియమం. మొదటిసారి చెబితే జనం తలెత్తుతారు, రెండోసారి చెబితే వింటారు. అలాంటిదానికి నెల రోజులు మౌనమంటే మాటలా? అందుకే వచ్చేదారిలో ఈ డైరీ కొన్నాను. ఎక్కడో ఒకచోట వాగకపోతే పేలిపోతాను.

పేలిపోతాను.

ఆగస్టు 6, బుధవారం

మా గోడ గడియారం ఇంత చప్పుడు చేస్తుందని ఇవాళే తెలిసింది.

ఈయన సంగతి కొత్తగా రాసుకోవలసిందేముంది? కళ్ళజోళ్ళ కొట్టు, కొట్టు నుంచి ఇల్లు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మూగనోము పట్టిన మనిషి. "ఊఁ", "సరే", "చూద్దాం", ఈ మూడు మాటలతో సంసారం లాక్కొచ్చారు. ఇన్నాళ్ళూ నేను ఇద్దరి తరఫునా మాట్లాడేదాన్ని కాబట్టి తెలియలేదు. రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గడియారం విన్నాం.

ఆగస్టు 9, శనివారం

అమ్మాయి వచ్చింది. దానిది నగరపాలక తోటల విభాగంలో ఉద్యోగం. ఊళ్ళో ఎక్కడ ఏ చెట్టుందో, ఏ దారి ఎటు పోతుందో దానికి కొట్టినపిండి. నా పలక చూసి పకపకా నవ్వింది. (బలపం పలక. చిన్న పిల్లల కొట్లో దొరికింది. ఫోన్లో టైపు చేసేలోపు నాకు కోపం చల్లారిపోతోంది, బలపమైతే కోపం వేడిగా ఉండగానే రాయొచ్చు.)

"ప్రతి ఆదివారం నువ్వూ నాన్నా నడకకి వెళ్ళండమ్మా. పెద్ద పెద్ద కొండలేం ఎక్కక్కర్లేదు. సిటీబస్సు దిగితే చెరువు చుట్టూ దారి. ఇంకోవారం నీళ్ళట్యాంకు వెనకున్న అడవి. తర్వాత ఏటిగట్టు. అది బాగుంటే టీవీ టవరు కొండ. అక్కడికి పిల్లల బళ్ళు తోసుకుంటూ కూడా వస్తారు," అంది.

"మీ నాన్నతోనా? ఇద్దరం మూగవాళ్ళమైతే దారి ఎవరడుగుతారు?" అని రాశాను.

ఈయన చదివి, "చూద్దాం," అన్నారు.

ఆగస్టు 10, ఆదివారం

చెరువు. కొత్త బూట్లు మడమ దగ్గర కొరికాయి. అది పక్కన పెడితే ఒక వింత జరిగింది, తీరుబడిగా రాస్తాను.

సగం దూరం ఇద్దరమూ అడుగుల చప్పుడు వింటూ నడిచాం. నా కడుపు ఉబ్బిపోతోంది. నీళ్ళ మీద పొగలాంటి తేమ ఉంది చూశారా అనాలి, ఆ చొక్కా గుండీ తప్పు పెట్టుకున్నారు అనాలి, బడ్డీకొట్టాయన టీ గ్లాసు సరిగా కడగలేదు అనాలి. ఒక్కటీ అనడానికి లేదు. గట్టు మీద ఒక నల్లతెల్ల పిట్ట తోక ఆడిస్తూ టకటకా నడిచి, ఆగి, నేలకేసి చూసి, కాదన్నట్టు తలాడించి, మళ్ళీ నడిచింది.

"లెక్కల మాస్టారు," అన్నారు ఈయన.

అటూ ఇటూ చూశాను. మాస్టారెవరూ లేరు.

"ఆ పిట్ట. దాన్ని లెక్కల మాస్టారంటారు. ప్రతి గడ్డిపోచ దగ్గరా ఆగి, నీ లెక్క తప్పురా అని తలాడిస్తుంది చూడు. వెనక చేతులు కట్టుకున్నట్టు ఆ రెక్కలు చూడు."

అసలు అలాంటి పేరు ఎక్కడైనా ఉంటుందా? అనడానికి నోరు తెరిచి మూసేశాను. పలక సంచీలో అడుగున ఉండిపోయింది. తీసేలోపు ఈయన రెండో పిట్ట దగ్గరికి వెళ్ళిపోయారు. అది "అద్దింటి పిట్ట" అట, గూడు ఎన్నిసార్లు మార్చినా గోడలకి మేకులు కొట్టదట. మూడోది "పెళ్ళివారి పిట్ట", తిండి దొరికేదాకా అరుస్తుందట, దొరికాక బాగాలేదని అరుస్తుందట. చెరువు చుట్టేసి బస్సు ఎక్కేవరకూ మాట్లాడుతూనే ఉన్నారు! ఈయన! నేను నవ్వాపుకోలేక దగ్గాను. దగ్గకూడదని డాక్టరుగారు చెప్పారు.

ఆగస్టు 11, సోమవారం

అద్దింటి పిట్ట! మేకులు కొట్టదట!

ఆగస్టు 17, ఆదివారం

నీళ్ళట్యాంకు వెనక అడవి. అడవంటే మరీ అడవి కాదు, అవతలి వైపు నుంచి లారీల హారన్లు వినపడతాయి. దారి మాత్రం చక్కగా ఉంది, ఎండుటాకుల మీద నడుస్తుంటే కాళ్ళకి హాయి. తోవలో ఒకాయన తగులుకున్నారు. ఎండా వానా లేకపోయినా గొడుగు వేసుకునే రిటైరైన భూగోళం మాస్టారు. ఈయన ఏదో పిట్టని చూపించి "చాడీల పిట్ట" అంటే గొడుగాయన ఆగిపోయి, చేతిలో ఉన్న పుస్తకం తిరగేసి, దాని అసలు పేరేమిటో చదివి వినిపించారు.

ఈయన ఏమాత్రం తగ్గలేదు. "పుస్తకంలో ఆ పేరేనండి. ఇంట్లో మాత్రం దాన్ని ఇలాగే పిలుస్తారు," అన్నారు.

గొడుగాయన కాసేపు ఆలోచించి, "అది నిజమే అయ్యుండొచ్చు," అని పుస్తకం అంచున రాసుకున్నారు!

చెట్ల కింద బ్రెడ్డు తింటుంటే ఈయన కొట్టు సంగతి ఒకటి చెప్పారు. ఒక ముసలాయన భార్యకి కళ్ళజోడు చేయించడానికి వచ్చాడట. తయారయ్యాక ముందు తనే పెట్టుకున్నాడట. "అవి మీవి కాదండీ, కళ్ళు తిరుగుతాయి," అంటే, "ఉండవయ్యా, ఇన్నేళ్ళూ నా మొహం దానికి ఎలా కనబడిందో చూసుకోనీ," అని అద్దం ముందు నిలబడ్డాడట. కొట్లో అందరూ నవ్వితే, ఆయన మాత్రం అద్దంలో చాలాసేపు చూసుకుని, "పాపం," అన్నాడట.

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. పలక మీద "ఎప్పటి సంగతి?" అని రాశాను.

"అమ్మాయి పుట్టిన ఏడాది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పబోయాను," అని, ఎదుటి కొమ్మకేసి చూపించి, "అదిగో చాడీలు మొదలుపెట్టింది," అన్నారు.

ఆగస్టు 20, బుధవారం

ఇవాళ వంటింట్లోకి వచ్చి మరీ చెప్పారు, ఎవరో కళ్ళజోడు మీద కూర్చున్న కథ. నాకు ఆదివారం వరకూ ఆగడం కష్టంగా ఉంది. గొంతు సంగతి అసలు గుర్తే రావడం లేదు.

ఆగస్టు 24, ఆదివారం

ఏటిగట్టు. వదిన కూడా వచ్చింది. ఈయనకి అక్కగారు, మోకాళ్ళ నొప్పులని చెప్పి మా అందరికంటే ముందు నడిచే మనిషి. గట్టు పొడుగునా తెల్లటి రెల్లు. వంతెన కింద నీడలో కూర్చుని ఈయన గొడుగాయనకి (ఆయన ఇక ప్రతివారం వస్తారట) నత్తల గురించి గంభీరంగా ఏదో అబద్ధం చెబుతుంటే వదిన నా డొక్కలో పొడిచింది.

"అమ్మయ్య! మా తమ్ముడు మళ్ళీ మనిషయ్యాడే మరదలా!"

నేను కళ్ళెగరేశాను.

"నీకు తెలీదుగా. చిన్నప్పుడు వీడి నోరు మూయించలేక మా అమ్మ నానా చావూ చచ్చేది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళు వెళ్ళేదాకా వీడి కబుర్లే. పాలబ్బాయిని కూడా వదిలేవాడు కాదు. పెళ్ళయ్యాక ఏమైందో గాని మాట పడిపోయింది."

పెళ్ళయ్యాక అనేటప్పుడు నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది, కనీసం పోట్లాడేదాన్ని.

ఆగస్టు 25, సోమవారం

మగవాళ్ళు వయసు వచ్చేకొద్దీ మాటలు తగ్గిస్తారు. అందరిళ్ళలోనూ అంతే. మా పక్కింటాయనా అంతే.

పక్కింటాయన పొద్దున అరగంట సేపు కేబుల్ అతనితో మాట్లాడాడు. అది వేరే విషయం.

సెప్టెంబరు 4, గురువారం

డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. గొంతులోకి దీపం పెట్టి చూసి, "కాయలు పోయాయమ్మా! మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టండి. ఏదీ, ఏదైనా అనండి," అన్నారు. "ఏమనమంటారు?" అన్నాను. నా గొంతే. కాస్త బొంగురుగా ఉంది, ఊరెళ్ళొచ్చినట్టు అలసటగా ఉంది, కానీ నాదే. సంతోషం పట్టలేక మెట్ల మీద నిలబడి "ధన్యవాదాలు, ధన్యవాదాలు" అని నాలో నేనే రెండుసార్లు అనుకున్నాను. ఇంటికి వెళ్ళి తలుపు తీయగానే "ఏమండీ!" అని పిలవాలని దారంతా రిహార్సల్ వేసుకున్నాను.

తలుపు తీసేసరికి ఈయన బీన్సు తరుగుతున్నారు. నన్ను చూడగానే, "రా రా, నీకోసమే చూస్తున్నా. ఇవాళ కొట్టుకి ఎవరొచ్చారో తెలుసా?" అని మొదలుపెట్టారు.

నేను సంచీలోంచి పలక తీసి, "డాక్టరు ఇంకొన్నాళ్ళు ఆగమన్నారు," అని రాశాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఇది అబద్ధం కిందికి రాదు. జాగ్రత్త. గొంతు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటే అంత మంచిది.

గొంతు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటే అంత మంచిది.

సెప్టెంబరు 7, ఆదివారం

మళ్ళీ చెరువే. లెక్కల మాస్టారు ఇవాళ ఇద్దరున్నారు. "ఒకాయన ఆల్జీబ్రా," అన్నారు ఈయన. నాలుక చివరిదాకా వచ్చిన జవాబుని మంచినీళ్ళతో మింగాను.

డిపో మేనేజరు ఫోను చేస్తే, నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మాయి మాట్లాడింది. నేను లేనన్నాళ్ళూ రికార్డు చేసిన గొంతు పెట్టారట. ప్లాట్‌ఫారం మారినా అది పాత పాటే పాడుతోందట. ఒకాయన దాని మాట నమ్మి వేరే ఊరు బస్సెక్కి, అక్కడ దిగి, ఊరు బాగుందని రెండ్రోజులు ఉండి వచ్చాడట. నేను ఎప్పుడొస్తానని అడిగారు. "ఇంకో రెండు వారాలు" అని పలక చూపించాను. అమ్మాయి నా వంక అదోలా చూసింది. దానికి నా పోలికే, అన్నీ కనిపెడుతుంది.

సెప్టెంబరు 9, మంగళవారం

గొంతు తుప్పు పట్టకూడదు కదా. స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున సబ్బుకీ బకెట్‌కీ బస్సులన్నీ వరసగా చెప్పాను. ప్రాణం లేచొచ్చినట్టయింది.

బయటి నుంచి ఈయన, "నీళ్ళు వృథా పోతున్నాయేమో చూసుకో," అన్నారు.

సెప్టెంబరు 12, శుక్రవారం

సరే, రాస్తాను. ఇది ఎవరూ చదివేది కాదు.

నాకు భయంగా ఉంది. నేను నోరు తెరిచిన రోజున ఈయన నోరు మూతపడిపోతుంది. మళ్ళీ ఊఁ, సరే, చూద్దాం. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఈ మనిషి ఎంత సరదా అయినవాడో ఒక చెరువు గట్టు మీద తెలుసుకున్నాను. మళ్ళీ పోగొట్టుకోలేను. గొంతు కావాలి, ఈయన కబుర్లూ కావాలి. రెండూ ఒకేసారి ఉండడం మా ఇంట్లో ఇంతవరకూ జరగలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

టీవీ టవరు కొండకి వెళ్ళాం. ఈయన, నేను, వదిన, గొడుగాయన. కొండంటే భయపడక్కర్లేదు, తారురోడ్డు ఉంది. పైన టవరు చుట్టూ చెక్కబల్లలు, ఐస్‌క్రీం బండి, పిల్లలు. వెనక వైపు మాత్రం పాత క్వారీ. దాని చుట్టూ వేసిన కంచె కొన్నిచోట్ల పడిపోయింది. వదిన నీలం రెయిన్‌కోటు వేసుకుని, చేతిసంచీ నా ఒళ్ళో పడేసి, "అటువైపు పసుపుపచ్చ పూలున్నాయి, చూసొస్తా," అని వెళ్ళింది. ఫోను సంచీలోనే ఉంది.

చూస్తుండగానే మబ్బు కొండ మీదికి దిగింది. ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం బండి మాయమైంది. టవరు కూడా మాయమైంది. పక్కనున్న ఈయన చొక్కా రంగు తెలియడం లేదు. "అక్కా! అక్కా!" అని ఈయన కేకేశారు. కళ్ళజోళ్ళ కొట్లో నెమ్మదిగా మాట్లాడే గొంతు, ఎంతదూరం పోతుంది? దూరంగా వదిన గొంతు "ఎటురా?" అని వినబడింది. అది క్వారీ వైపు నుంచి వచ్చింది. ఈయన అటు పరుగెత్తబోతే గొడుగాయన చెయ్యి పట్టుకుని ఆపారు.

నేను లేచి బల్లెక్కాను.

"ప్రయాణికులకు మనవి!"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కొండంతా నిశ్శబ్దమైపోయింది.

"నీలం రెయిన్‌కోటు ధరించిన పెద్దావిడ ఎక్కడున్నారో అక్కడే ఆగవలసిందిగా మనవి. వారి తమ్ముడు టవరు దగ్గర చెక్కబల్ల పక్కన వేచి ఉన్నారు. మా గొంతు వినబడే వైపు మొహం తిప్పి, మెల్లగా అడుగులో అడుగు వేసుకుంటూ రావలసిందిగా కోరుతున్నాం."

ఊపిరి తీసుకుని మళ్ళీ అదే చెప్పాను. ఆమె కనబడేదాకా చెబుతూనే ఉన్నాను. ముందు నీలం రంగు మరకలాగా, తర్వాత వదినలాగా వచ్చింది, చేతిలో పసుపు పూలతో. ఈయన వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "మొదటిసారి ఎటు నుంచో తెలియలేదే. కంచె తీగ కాలికి తగిలితే అక్కడే ఆగిపోయా. రెండోసారికి దిక్కు తెలిసింది," అంటూ వదిన కూలబడింది. తర్వాత నన్ను చూసి, "అవునూ, నీకు గొంతెప్పుడొచ్చిందే!" అంది.

మబ్బు విడిపోయాక చూస్తే, ఎవరో ఒకాయన సూట్‌కేసు లేకపోయినా టిఫిను సంచీ భుజాన తగిలించుకుని లేచి నిలబడి ఉన్నాడు. ఏ బస్సు వచ్చిందో అని వెతుకుతున్నాడు. కొండ మీద అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఐస్‌క్రీం బండివాడు నాకు ఊరికే ఐస్‌క్రీం ఇచ్చాడు. గొంతుకి మంచిది కాదని వదిన తినేసింది.

అందరిలోకీ ఈయన ఒక్కరే ఏమీ అనలేదు. నా వైపు చూసి తలూపారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నారు, ఇంటి వరకూ కిటికీలోంచే చూశారు.

"ఆకలేస్తోందా?" అని అడిగాను.

"ఊఁ," అన్నారు.

సెప్టెంబరు 15, సోమవారం

ఊఁ. సరే. సరే. ఊఁ.

సెప్టెంబరు 16, మంగళవారం

గొంతు కాస్త నొప్పిగా ఉంది, తగ్గిపోతుంది. గడియారం మళ్ళీ వినబడుతోంది. ఈసారి నేను కూడా మాట్లాడడం లేదు. నేను ఒక్క మాటన్నా ఇక ఈయన ఎప్పటికీ అనరని భయం. వంటింట్లోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

ఏడుపొచ్చింది.

సెప్టెంబరు 18, గురువారం

ఇవాళ పలక తీశాను. గొంతుండి పలక తీసిన దాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. "మీరు మాట్లాడడం ఎందుకు మానేశారు? నాకు గొంతొచ్చినందుకేనా?" అని రాసి ఈయన కళ్ళజోడు పెట్టె పక్కన పెట్టాను.

ఈయన చదివి నిజంగా ఆశ్చర్యపోయారు.

"నేను మానేశానా? నీ వంతు కదా అని ఆగాను. నెలకి పైగా నేనొక్కణ్ణే వాగుతున్నాను. పాపం నోరు కట్టుకుని కూర్చున్నావు, ఇక నిన్ను కడుపారా మాట్లాడనిద్దామనుకున్నా. నువ్వేమో పెదవి విప్పవు. కొండ మీద గొంతు మళ్ళీ పోయిందేమోనని కంగారు పడి చస్తున్నా."

నేను పలక పక్కన పెట్టేశాను. "నాకు ముందే వచ్చిందండీ గొంతు. మీకు చెప్పలేదు," అన్నాను.

"తెలుసు. బకెట్‌కి బస్సులన్నీ చెప్పావుగా. ఆ రోజే తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే మొదలుపెడతావని." అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, చేతిలో ఉన్న కళ్ళజోడు తుడుస్తూ చెప్పారు, "నీ మీద నాకేం కోపం లేదు. అదొక రకం అలవాటయిపోయింది, అంతే. నువ్వు ఏదైనా ఒకసారి చెబుతావు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరుస్తాను. అప్పటికి రెండోసారి మొదలవుతుంది. సరే అది అయ్యాక చెబుదామని ఆగితే ఇంకో బస్సు వచ్చేస్తుంది. ముసలాయన కళ్ళజోడు కథ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ చెబుదామనే చూస్తున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మైకు ముందు జనం కోసం నేర్చుకున్న పద్ధతి ఇంటికి తెచ్చుకుని, ఈయనని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టేశాను. ఎంత మంచి కబుర్లు నా ఊపిరికీ ఊపిరికీ మధ్య ఇరుక్కుని పోయాయో! బాధగా ఉంది. బాధతోపాటు తేలిగ్గానూ ఉంది. రెండూ రాస్తున్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

చెరువు. ఇద్దరమే వెళ్ళాం. వదిన మోకాళ్ళ నొప్పులంది, గొడుగాయనకి ఈయనే రావద్దని చెప్పారట, నాకు తర్వాత తెలిసింది. రేపటి నుంచి నా డ్యూటీ మొదలు. బస్టాండులో రెండుసార్లు, ఇంట్లో ఒకసారి అని ఒప్పందం చేసుకున్నాం. గట్టు సగం వరకూ ఆయన చెప్పారు, నేను విన్నాను. అప్పుడప్పుడూ మధ్యలో దూరాను. దూరినప్పుడల్లా ఒక్కసారి అని ఆగాను. ఆగడం ఎంత కష్టమో! రెండోసారి మాట నోట్లో బఠాణీలాగా దొర్లుతూనే ఉంటుంది. కానీ ఆ ఖాళీలోకి ఈయన మాట వచ్చి కూర్చుంటోంది, అది చూస్తుంటే ముచ్చటగా ఉంది.

లెక్కల మాస్టారు దగ్గర రాతి మీద కూర్చున్నాం. ఎండ మెత్తగా ఉంది. ఇన్నాళ్ళూ ఊరందరికీ ఏవేవో చెప్పాను గాని ఈ మాట మాత్రం ఈయనకి ఒక్కసారి కూడా చెప్పలేదని గుర్తొచ్చింది.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాను. అని, ఒప్పందం ప్రకారం నోరు మూసుకున్నాను.

ఈయన నీళ్ళ వంక చూస్తున్నారు. పిట్ట నడిచింది, ఆగింది, తలాడించింది. ఈయన మెల్లగా ఇటు తిరిగారు. చెవులు ఎర్రబడ్డాయి.

"రెండోసారి లేదా?" అన్నారు.

చెప్పాను.